నామాలకోడి గూటిలో మాస్కు

ఆమ్‌స్టర్‌డామ్ నడిబొడ్డున రోకిన్ అనే చోట, కాలువలో నామాలకోడి కట్టిన గూడొకటి ఉండేది. మామూలుగా ఈ పక్షి తుంగ, నాచు, ఆకులు పోగేసి గూడు కడుతుంది. ఏడాది తిరిగేసరికి అది కుళ్లిపోతుంది కాబట్టి మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. రోకిన్ గూడు కుళ్లలేదు. అందులో ప్లాస్టిక్ అంతగా చేరిపోయింది. పాతదాని మీదే కొత్తది పేర్చుకుంటూ పోయాయి పక్షులు. డచ్చి జీవశాస్త్రవేత్త ఔకె-ఫ్లోరియన్ హీమ్‌స్ట్రా దాన్ని పొర పొరగా విప్పి చూస్తే, అడుగున 1994 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ప్రకటన ఉన్న చాక్లెట్ రేపరు దొరికింది. పైపొరల్లో కరోనా కాలపు మాస్కులు!

ఆ నీలం మాస్కు చూడ్డానికి గుడ్డలా ఉంటుంది కానీ, మూడు పొరలూ పాలీప్రొపిలీనే. మన బియ్యం సంచులు నేసేది కూడా దీనితోనే. అసలు పనంతా మధ్యపొరది. కరిగిన ప్లాస్టిక్‌ను సన్నని రంధ్రాల గుండా పంపి, వేడిగాలితో బలంగా ఊదుతారు. పీచుమిఠాయి బండి దగ్గర పాకం దారాలవడం చూశాం కదా, దాదాపు అలాగే. ఒక్కో పోగు మందం కొన్ని మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కొన్ని రెట్లు. తల వెంట్రుక దీని పక్కన మోకులా కనిపిస్తుంది. పైగా ఆ పోగులకు విద్యుదావేశం ఎక్కిస్తారు. తుంపరలు వాటికి అతుక్కుని ఆగిపోయేది అందుకే. ఆ సన్నదనం ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, అందులో నాకు ఏ సందేహమూ లేదు.

వాడి పారేశాక నీళ్లను పాడుచేసేదీ ఆ సన్నదనమే. డాబా మీద వదిలేసిన బియ్యం సంచి ఎండకు పెళుసెక్కి, ముట్టుకుంటే పొడిగా రాలడం మనకు తెలిసిందే. మాస్కుకూ అదే గతి పడుతుంది. ఇటలీలోని మిలాన్ పరిశోధకులు మాస్కులను 180 గంటలు అతినీలలోహిత కాంతిలో ఉంచి, కృత్రిమ సముద్రపు నీటిలో గిలకొట్టారు. ఒక్క మాస్కు నుంచి రోజుకు 1,73,000 దాకా పోగులు ఊడివచ్చాయి! పాలీప్రొపిలీన్ నీటికన్నా తేలిక. తేలుతూ దూరాలు పోతుంది, పాచి పట్టి బరువెక్కాక అడుగుకు దిగుతుంది. దారిలో చిన్న జలచరాలు ఆ పోగులను మేతనుకుని మింగుతాయి.

గ్లౌజుల హాని వేరు. 2020 ఆగస్టులో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగర కాలువలో చెత్త ఏరుతున్న వాలంటీర్లకు ఒక రబ్బరు గ్లౌజు దొరికింది. దాని బొటనవేలి భాగంలో ఇరుక్కుని చచ్చిపోయిన చిన్న పెర్చ్ చేప ఉంది.

మన దేశంలో ఆసుపత్రి మాస్కు పసుపు సంచిలోకి, అక్కడి నుంచి దహన కొలిమిలోకి పోవాలి. ఆ కొలిమి రెండో గదిలో వేడి 1,050 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలని నిబంధన. కరోనా కాలంలో ఇళ్లలో వాడినవి ఎక్కువగా మామూలు చెత్తలోనే కలిశాయి.

2020 మార్చి నుంచి 2021 నవంబరు వరకు ఐక్యరాజ్యసమితి కొని దేశాలకు పంపిన రక్షణ సామగ్రి ఒక్కటే సుమారు 87,000 టన్నులు. ఈ లెక్క చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థే గ్లౌజులను అవసరానికి మించి వాడారనీ అంది. టీకా సూది వేయడానికి సాధారణంగా గ్లౌజులు అక్కర్లేదు, చేతులు శుభ్రంగా కడుక్కుంటే చాలు. అయినా కోట్ల జతలు ఆ పనికే ఖర్చయ్యాయి.