గనులు – గిరిజన హక్కులు: సమత తీర్పు ఏం చెప్పింది?



గని వస్తే ఊరికి రోడ్డు వస్తుంది, పని దొరుకుతుంది అంటారు. మరి ఆ నేల మీద తరతరాలుగా బతుకుతున్న వారికి అందులో వాటా ఎంత? అసలు వారిని అడిగారా? ఈ ప్రశ్నలకు సుప్రీంకోర్టులో జవాబు రాబట్టింది మన రాష్ట్రంలోని ఉత్తరాంధ్ర మన్యమే.

విశాఖ మన్యంలో అనంతగిరి మండలం ఉంది (2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లా). అక్కడి బొర్రా పంచాయతీ గ్రామాల్లో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇచ్చింది. అది షెడ్యూల్డు ప్రాంతం. అక్కడి భూమి గిరిజనేతరుల పరం కారాదని 1/70 చట్టం చెబుతోంది. 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకు వెళ్లింది. హైకోర్టులో ఓడినా, సుప్రీంకోర్టులో 1997 జూలై 11న గెలిచింది. ఆ తీర్పులో ముఖ్యాంశాలు మూడు:

1. ప్రభుత్వ భూమినైనా సరే, అక్కడ గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదు.
2. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ గానీ, గిరిజన సహకార సంఘాలు గానీ గనులు తవ్వవచ్చు.
3. నికర లాభంలో కనీసం 20 శాతం నీరు, బడి, ఆసుపత్రి, రోడ్ల కోసం శాశ్వత నిధిగా ఉంచాలి.

అయితే వాటా ఒక్కటే చాలదు. 2015లో చింతపల్లి ప్రాంతంలో 1,212 హెక్టార్ల అటవీ భూమిని బాక్సైట్ కోసం జి.ఓ. 97 ద్వారా ఇచ్చింది ప్రభుత్వ సంస్థకే. అయినా గిరిజనులు ఒప్పుకోలేదు. 2019లో ఆ అనుమతి రద్దయింది. ఒడిశా నియమగిరిలో 2013లో 12 గ్రామసభలూ 'వద్దు' అన్నాయి. కెనడా ఉత్తరాన నూనావుట్‌లో పెద్ద గని మొదలు కావాలంటే ముందుగా ఇన్యూట్ ప్రజలతో ఒప్పందం కుదరాలని 1993 ఒడంబడిక చెబుతోంది. అంటే ముందు అంగీకారం, ఆ తర్వాతే తవ్వకం.

మరి మన సంగతి? చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో షెడ్యూల్డు ప్రాంతం లేదు. కాబట్టి సమత తీర్పు మన యానాదులకు, సుగాలీలకు రక్షణ ఇవ్వదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం ఇక్కడా వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13కు ముందు నుండి అటవీ భూమి సాగుచేసుకుంటున్న గిరిజనులు గ్రామసభ ద్వారా హక్కు కోరవచ్చు. పెద్ద గనులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలంటే 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి.

ఆ ప్రకటన చదివి, తండాలో, కాలనీలో పెద్దలకు విడమరిచి చెప్పగలిగేది హాస్టల్లో చదువుకున్న మనమే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ పని చేద్దాం.