మైలుతుత్తాన్ని పసిగట్టే ప్రోటీన్

జి. కొండూరు, నూజివీడు మామిడి రైతులకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం కొత్త కాదు. బాక్టీరియా మచ్చ తెగులు కనబడితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి కొడతారు. రెండింట్లోనూ పనిచేసేది రాగే. అయితే రాగి తగలగానే బాక్టీరియా చేతులు ముడుచుకుని కూర్చోదు. లోహం వచ్చిందని పసిగట్టి తగిన జన్యువును మేల్కొలిపే ప్రోటీన్లు దానికున్నాయి. అందుకే మందు అసలు కొట్టకపోవడం కన్నా సగం మోతాదుతో కొట్టడమే ప్రమాదమని నా వాదన.

ఇ. కొలై బాక్టీరియాలోని క్యూ-ఆర్ అనే ప్రోటీన్ సంగతి చూడండి. జన్యువును చదివే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఆ జన్యువు ముందున్న రెండు గుర్తులను ఒకేసారి పట్టుకోవాలి. మామూలుగా వాటి మధ్య 17 డీఎన్‌ఏ అక్షరాల దూరం ఉంటుంది. రాగిని కణం బయటకు తోడే పంపు జన్యువు దగ్గర మాత్రం 19 ఉంటుంది. డీఎన్‌ఏ మెలితిరిగిన నిచ్చెన కాబట్టి, ఆ రెండక్షరాలతో గుర్తులు దూరమవడమే కాదు, పక్కకు తిరిగిపోతాయి కూడా. క్యూ-ఆర్‌లోని రెండు గంధక పరమాణువుల మధ్య రాగి అయాన్ ఇమడగానే ఆ ప్రోటీన్ డీఎన్‌ఏను వంచి, మెలికను సరిచేస్తుంది. గుర్తులు పాలిమరేజ్‌కు అందుతాయి, పంపు తయారవుతుంది. ఎంత రాగికి ఇది కదులుతుందో 2003లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. ఆ గాఢతను లెక్కగడితే కణానికి ఒక్క విడి అయాన్ కూడా రాదు! వెండి, బంగారాలకూ ఇది స్పందిస్తుంది గానీ జింక్, పాదరసాలకు స్పందించదు.

మామిడిలో బాక్టీరియా మచ్చకు కారణం జాంథోమొనాస్, ఇ. కొలై కాదు కదా అనవచ్చు. నిజమే, నియంత్రించే తీరు వేరు. కానీ టమాటా, నిమ్మజాతి తోటల్లో రాగిని తట్టుకునే జాంథోమొనాస్ రకాలు దొరికాయి. వాటి నిరోధక జన్యువులూ రాగి తగిలితేనే పుంజుకుంటాయి. చంపలేనంత తక్కువ రాగిని ముందు రుచి చూసిన కణాలు ఆ తర్వాత ఎక్కువ మోతాదును తట్టుకోగలుగుతాయి. ఈ మేల్కొలుపు తాత్కాలికమే, పిల్లకణాల్లో శాశ్వతంగా నిలవదు అన్న అభ్యంతరమూ సరైనదే. శాశ్వతమైనవి జన్యువులు. అవి తరచూ ప్లాస్మిడ్లనే విడి డీఎన్‌ఏ ముక్కల మీద ఉండి ఒక బాక్టీరియా నుంచి మరోదానికి పాకుతాయి. జన్యువున్న కణాలనే మిగిల్చే పని చాలీచాలని మందు చేస్తుంది.

1885 నుంచి బోర్డో మిశ్రమం పనిచేస్తూనే ఉంది కదా అంటే, శిలీంధ్రాల విషయంలో ఆ మాట చాలావరకు చెల్లుతుంది. రాగి ఒకేసారి అనేక ప్రోటీన్లను దెబ్బతీస్తుంది కాబట్టి వాటికి తప్పించుకోవడం కష్టం. బాక్టీరియాకు పంపు ఉంది. పైగా రాగి కుళ్లిపోయే పదార్థం కాదు, ఏటా కొట్టినదాంట్లో చాలావరకు తోట మట్టిలోనే పేరుకుంటుంది. అందువల్ల తెగులు సోకిన కొమ్మలను ముందు కత్తిరించి కాల్చేయాలి, ఆ తర్వాత అవసరమైనచోట మాత్రమే పూర్తి మోతాదు, ఆకులు తడిసేలా కొట్టాలి.