పాత పోస్టర్ల సేకరణ

హైదరాబాదున తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరువనే, రాష్ట్ర ఆర్కైవ్సు అను ప్రభుత్వ దస్తావేజుల భాండాగారము కలదు. షాజహాను, ఔరంగజేబుల కాలపు పారసీక పత్రములు అందు భద్రముగా నున్నవి. అవి నిలుచుటకై వ్రాసినవి; నిలిచినవి. ఆ దారినే గోడలకంటించు పోస్టరు వారము దినములు బ్రతికిన చాలునని అచ్చొత్తినది. అట్టిదానిని దాచుట నా వ్యసనము. చిత్తుకాగితముల వ్యాపారినని ఇరుగుపొరుగువారు నవ్వుదురు.

పెద్దలారా, పోస్టరునకు శత్రువు లనేకులు. వాన తడుపును, ఎండ వెలయించును. మైదా జిగురు రుచి మరగిన ఆవు కథానాయకుని ముఖమును నింపాదిగా నములుచుండుట చూడనివారుండరు. మరుసటి శుక్రవారము దానిపై వేరొకటి పడును. కావున గోడనంటినది చేతికి దక్కదు. అంటింపక మిగిలినవే దొరకును: సినిమాహాలు కొట్టులలో, పంపిణీదారుల అలమారులలో, పల్లెయింట ట్రంకుపెట్టె అడుగున.

ఇంతకు అందేమున్నది? తేనీటి సంగతి వినుడు. గాంధీమహాత్ముడు తేనీటిని మెచ్చినవారు కారు. అది దొరల పానీయమని దేశభక్తులు పలువురు దూరముంచిరి. అట్టి తేనీరు నూటికి నూరుపాళ్లు స్వదేశీయని చాటుచు 1947లో ఒక పోస్టరు వెలువడెను. వేసినవారు అన్నదా మున్షీ. అందు చీర కట్టిన స్త్రీ, రాట్నము, తేనీటి కప్పు. ఏ రాట్నమును చూపి జనులు తేనీటిని కాదనిరో ఆ రాట్నమునే వర్తకులు తమ సరకునకు సాక్ష్యము పిలిచిరి! మజ్జిగ త్రాగు మన లోగిళ్లలోనికి ఈ పానీయ మెట్లు ప్రవేశించెనో తెలుపుటకు ఇంతకంటె మంచి పత్రము నేనెరుగను.

రైల్వేలవారి యాత్రా చిత్రములు మరియొక తీరు. నిజాము రాజ్యములోనుండిన అజంతాను చూడరండని ఆంగ్లమున పిలుచునవి. ఆ గుహల చెంత సేద్యము చేయువాని కవి ఉద్దేశింపబడలేదు.

సినిమా పోస్టర్లకు మాత్రము కొంత ఆదరము కలిగినది. 1964లో పూనాలో నెలకొల్పిన జాతీయ ఫిలిం ఆర్కైవ్సు వానిని సేకరించినది. 1967 నాటి 'సాక్షి'తో పేరొందిన ఈశ్వర్ గారు ఈ కళపై 'సినిమా పోస్టర్' అను గ్రంథమే వ్రాసిరి.

అసలు, నకలు గుర్తించుటకు భూతద్దము చాలును. 1796లో జర్మనీలో సెనెఫెల్డరు కనిపెట్టిన రాతి అచ్చున రంగునకొక రాయి. రేణువులు క్రమము లేక చెదరియుండును. రాతి అచ్చు నాటిదని చెప్పి అమ్మజూపిన కాగితమున చుక్కలు వరుసదీరియున్నచో అది నేటి నకలు.

దాచుటకు చీకటి, పొడి గాలి ముఖ్యము. వెలుతురు తగిలిన ఎరుపు, పసుపు ముందు పోయి నీలమే మిగులును. జిగురు టేపు మరకపెట్టును. లామినేషను మరల విడదీయరానిది. చిరిగిన అంచులు కత్తిరింపరాదు. ఏలయన అంచుననే టూరింగు టాకీసువాడు చేతితో ఊరిపేరు, తేదీ వ్రాసియుండును. మీ ఊరికి తొలి బొమ్మ ఎన్నడు వచ్చెనో ఏ ప్రభుత్వ దస్తావేజునను దొరకకపోవచ్చును. ఆ అంచున దొరకవచ్చును. అట్టి కాగితము మీ ఇంట నున్నచో పాతకాగితములవానికి తూచి ఇచ్చుటకు ముందు వెనుకవైపున పెన్సిలుతో, సిరా వలదు, ఊరు, సంవత్సరము, ఎవరి ఇంట దొరకినదియు వ్రాసి యుంచుడు.