విదేశీ డిజిటల్ చందాలు: బ్యాంకు కార్డుల తిరస్కరణకు కారణాలు, చట్టబద్ధమైన మార్గాలు

(ప్రత్యేక వ్యాసం)

చీపురుపల్లి: ఖాతాలో సరిపడా సొమ్ము ఉన్నప్పటికీ, విదేశీ సంస్థల డిజిటల్ సేవలకు చందా చెల్లించబోయినప్పుడు స్థానిక బ్యాంకు జారీ చేసిన కార్డు తిరస్కరణకు గురి కావడం అనేకమందికి ఎదురవుతున్న ఇబ్బంది. విజయనగరం జిల్లాలో చీపురుపల్లి పరిసరాల్లో ఉన్నత విద్యాసంస్థలు ఉన్నాయి. గరివిడిలో పశువైద్య కళాశాల, రాజాంలో ఇంజనీరింగ్ కళాశాల, జిల్లా కేంద్రంలో సాంకేతిక విశ్వవిద్యాలయం ఉన్నాయి. పరిశోధన పత్రికలు, రూపకల్పనకు వాడే సాఫ్ట్‌వేర్లు, ఫైళ్లను భద్రపరిచే క్లౌడ్ నిల్వ, కృత్రిమ మేధ సేవలు మొదలైనవాటిలో అధిక భాగం విదేశీ సంస్థలవే. గడువు తేదీన చందా చెల్లింపు ఆగిపోతే విద్యార్థికి పాఠం, స్వయం ఉపాధి పొందుతున్న యువకునికి పని ఆగిపోతాయి.

ఇటువంటి సందర్భంలో బ్యాంకు శాఖ "మావైపు లోపం లేదు" అనడం, విదేశీ సంస్థ "మీ బ్యాంకును సంప్రదించండి" అనడం పరిపాటి. వాస్తవానికి అధిక శాతం తిరస్కరణలు లోపం వల్ల కాక, ఖాతాదారుని రక్షణ నిమిత్తం విధించిన నిబంధనల వల్ల జరుగుతున్నవే. ఏ నిబంధన వద్ద చెల్లింపు ఆగిందో తెలిస్తే పరిష్కారం సులభమవుతుంది.

అంతర్జాతీయ వినియోగం ముందుగానే నిలుపుదల

భారతీయ రిజర్వు బ్యాంకు 2020 జనవరి 15న జారీ చేసిన ఉత్తర్వుల ప్రకారం, కొత్తగా ఇచ్చే లేదా తిరిగి ఇచ్చే కార్డులు మొదట దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల్లోని స్వైపింగ్ యంత్రాల వద్ద మాత్రమే పనిచేస్తాయి. ఆన్‌లైన్ చెల్లింపులు, అంతర్జాతీయ చెల్లింపులు ఖాతాదారుడు కోరిన తరువాతే ప్రారంభమవుతాయి. అప్పటివరకు ఈ అవసరాలకు ఒక్కసారి కూడా వాడని పాత కార్డులకు సైతం ఆ సదుపాయాన్ని నిలిపివేయాలని అవే ఉత్తర్వులు ఆదేశించాయి. కార్డు వివరాలు దొంగల చేతికి చిక్కినా విదేశాల్లో సొమ్ము కాజేయడానికి వీలు లేకుండా చేయడమే ఈ ఏర్పాటు ఉద్దేశం.

ఈ సదుపాయాన్ని ఖాతాదారుడే మొబైల్ యాప్, నెట్ బ్యాంకింగ్, ఏటీఎం వంటి మార్గాల ద్వారా ప్రారంభించుకోవచ్చు, నిలిపివేయవచ్చు, పరిమితిని నిర్ణయించుకోవచ్చు. "ఆన్‌లైన్", "అంతర్జాతీయ" అనే రెండు మీటలు వేర్వేరుగా ఉంటాయి. వీటిలో ఒకదానిని మాత్రమే తెరిచి రెండవదానిని మరచిపోవడం సాధారణంగా జరిగే పొరపాటు.

కార్డు రకం

2014 ఆగస్టు 28న ప్రారంభమైన ప్రధానమంత్రి జన్‌ధన్ యోజన కింద ఖాతాదారులకు ఇచ్చిన రూపే కార్డులు ప్రధానంగా దేశీయ వినియోగానికి ఉద్దేశించినవి. విదేశీ నెట్‌వర్క్‌లతో ఒప్పందం కలిగిన రూపే కార్డులు వేరుగా ఉన్నాయి. కార్డు అంతర్జాతీయ వినియోగానికి అర్హమైనదా కాదా అన్నది శాఖలో ముందుగా నిర్ధారించుకోవాలి. అర్హత లేనప్పుడు ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫలితం ఉండదు. పైగా వరుసగా విఫలమైన ప్రయత్నాలను అనుమానాస్పదంగా భావించి బ్యాంకు కార్డునే తాత్కాలికంగా నిలిపివేసే అవకాశం ఉంది.

మొదటి నెల చెల్లి, రెండవ నెల ఆగడం

అత్యధిక గందరగోళానికి కారణమైనది నెలనెలా దానంతటదే కోతపడే చందా. రిజర్వు బ్యాంకు 2019 ఆగస్టు 21న ప్రకటించిన ఈ-మాండేట్ విధానం గడువు పొడిగింపుల అనంతరం 2021 అక్టోబరు 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. దీని ప్రకారం చందాదారుడు తొలుత అదనపు ధ్రువీకరణతో అనుమతిని నమోదు చేయాలి. ప్రతి కోతకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు సమాచారం పంపాలి. అనుమతిని ఉపసంహరించుకునే హక్కు చందాదారునికి ఎప్పుడూ ఉంటుంది. ధ్రువీకరణ లేకుండా కోతపడే మొత్తం పరిమితిని తొలుత రూ.2,000గా నిర్ణయించి, ఆ తరువాత రూ.5,000కు, 2022 జూన్‌లో రూ.15,000కు పెంచారు.

ఈ విధానం దేశీయ చందాలతో పాటు విదేశీ చందాలకు కూడా వర్తిస్తుంది. ఇందుకు అనుగుణంగా తమ వ్యవస్థను మార్చుకోని విదేశీ సంస్థ పంపే కోత ఆదేశాన్ని బ్యాంకు అంగీకరించదు. ఫలితంగా స్వయంగా చెల్లించిన మొదటి నెల చందా సాఫీగా సాగి, రెండవ నెల నుంచి తిరస్కరణ మొదలవుతుంది. ఈ మార్పు పెద్ద సంస్థలను సైతం ప్రభావితం చేసింది. ఆపిల్ సంస్థ 2022లో భారతీయ క్రెడిట్, డెబిట్ కార్డుల స్వీకరణను నిలిపివేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, ముందుగా జమ చేసుకున్న నిల్వ ద్వారా చెల్లించవలసిందిగా సూచించడం ఇందుకు ఉదాహరణ.

అందుబాటులో ఉన్న మార్గాలు

మొదటిది, రూపాయలలో బిల్లు ఇచ్చి యూపీఐ ఆటోపే స్వీకరించే సంస్థల విషయంలో ఆ మార్గాన్నే ఎంచుకోవడం. 2020 జూలైలో ప్రారంభమైన ఈ సదుపాయానికి అంతర్జాతీయ కార్డు అవసరం లేదు. చాట్‌జీపీటీ నిర్వహణ సంస్థ ఓపెన్‌ఏఐ 2025 ఆగస్టులో భారతదేశానికై నెలకు రూ.399 చందాను ప్రకటించి యూపీఐ చెల్లింపును అనుమతించింది.

రెండవది, నెలవారీ చందాకు బదులు వార్షిక చందాను ఒకేసారి చెల్లించడం. దీనివల్ల నెలనెలా ఎదురయ్యే తిరస్కరణ తప్పుతుంది. అయితే సేవ నచ్చకపోతే సొమ్ము వాపసు లభిస్తుందా అన్నది ముందుగానే చూసుకోవాలి.

మూడవది, మొబైల్ యాప్ స్టోరు ద్వారా చందా కట్టడం. సేవాసంస్థ నేరుగా యూపీఐ స్వీకరించకపోయినా, స్టోరు స్వీకరించే పక్షంలో చెల్లింపు సాధ్యమవుతుంది.

నాలుగవది, పరిశోధన పత్రికల విషయంలో విద్యార్థి వ్యక్తిగతంగా ప్రయత్నించే ముందు కళాశాల గ్రంథాలయాన్ని సంప్రదించడం. సంస్థాగత చందా ద్వారా ఆ పత్రిక ఇప్పటికే అందుబాటులో ఉండవచ్చు.

అసలు ఖర్చు ఎంత?

డాలర్లలో చెల్లించినప్పుడు మారకపు విలువపై బ్యాంకులు సాధారణంగా 2 నుంచి 3.5 శాతం వరకు అదనపు రుసుము, దానిపై వస్తు సేవల పన్ను వసూలు చేస్తాయి. విదేశీ డిజిటల్ సేవపై 18 శాతం వస్తు సేవల పన్ను కూడా వర్తిస్తుంది. కార్డు పరిమితిని చందా మొత్తానికి సరిగ్గా సమానంగా పెట్టుకున్నవారికి ఈ అదనపు మొత్తం వల్లనే తిరస్కరణ ఎదురు కావచ్చు. పరిమితిని కొద్దిగా ఎక్కువగా ఉంచుకుని, చెల్లింపు ముగిసిన వెంటనే అంతర్జాతీయ సదుపాయాన్ని నిలిపివేయడం ఉత్తమం.

చట్టం అనుమతించనివి

విదేశీ చందా చెల్లించడం నేరం కాదు. సరళీకృత చెల్లింపుల పథకం కింద దేశంలో నివసించే వ్యక్తి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు. అయితే 2000 నాటి విదేశీ మారకద్రవ్య నిబంధనల ప్రకారం లాటరీ టిక్కెట్లు, నిషిద్ధ పత్రికలు మొదలైనవాటికి సొమ్ము పంపడం నిషిద్ధం. అనుమతి లేని విదేశీ మారకపు వ్యాపార వేదికల జాబితాను రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ప్రచురించింది. ఇటువంటివాటికి చెల్లింపు ఆగితే అది బ్యాంకు నిర్లక్ష్యం కాదు.

దళారుల పట్ల అప్రమత్తత

కార్డు తిరస్కరణతో విసిగినవారు "మా కార్డుతో కడతాం, సొమ్ము మాకు పంపండి" అనే అపరిచితులను ఆశ్రయించడం అసలు ప్రమాదం. సొమ్ము పంపిన తరువాత చందా అందకపోవచ్చు. దొంగిలించిన కార్డుతో చందా కట్టినట్లయితే సేవాసంస్థ ఆ ఖాతాను రద్దు చేయవచ్చు. అందులో దాచుకున్న ఫైళ్లు చేజారవచ్చు. కార్డు సంఖ్య, ఓటీపీ చెప్పినవారి బ్యాంకు ఖాతా సైతం ఖాళీ కావచ్చు. కొన్ని విదేశీ సంస్థలు ఓటీపీ అడగకుండానే సొమ్ము తీసుకోగలవు. కనుక ఓటీపీ చెప్పకపోతే చాలునన్న ధీమా కూడా తగదు.

మోసం జరిగినట్లు గమనించిన వెంటనే బ్యాంకుకు, 1930 సహాయ సంఖ్యకు తెలియజేయాలి. విఫలమైన చెల్లింపు సొమ్మును నిర్ణీత గడువులో తిరిగి జమ చేయకపోతే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలన్న 2019 సెప్టెంబరు నాటి ఉత్తర్వు దేశీయ లావాదేవీలకే పరిమితం. విదేశీ సంస్థకు సొమ్ము చేరి సేవ అందనప్పుడు, తెరపై కనిపించిన సందేశం, తేదీ, మొత్తం వివరాలతో బ్యాంకులో వివాద దరఖాస్తు దాఖలు చేసి రసీదు పొందాలి. 30 రోజులలో పరిష్కారం లభించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

తిరస్కరణకు గురైన ఖాతాదారునికి "కార్డు పనిచేయదు" అన్న ఒక్క మాటతో సరిపెట్టక, మూసి ఉన్నది ఆన్‌లైన్ మీటా, అంతర్జాతీయ మీటా, కార్డు రకమా, ఈ-మాండేటా అన్నది బ్యాంకు సిబ్బంది స్పష్టంగా చెప్పగలిగితే అతడు దళారి దగ్గరకు వెళ్లవలసిన అవసరం ఉండదు. మండల స్థాయి ఆర్థిక అక్షరాస్యత కార్యక్రమాలలో అధికారులు ఈ అంశాన్ని చేర్చడం, పాత్రికేయులు ఈ తేడాలను ప్రజలకు విడమరచి చెప్పడం ఎంతైనా అవసరం.