కళ్లంలోనుంచే లారీకి

రండర్రా, అరుగు మీద సర్దుకుని కూర్చోండి. మన చిన్నోడు అద్దంకి శాసనం మీద వర్డ్‌లో వ్యాసం రాసి, ఆ రాతి ఫొటో పెట్టి, పైథాన్‌తో దాన్ని వెబ్ పేజీ చేశాడు. 848–49 నాటి పండరంగడి శాసనం అది. నన్నయకు దాదాపు రెండొందల ఏళ్ల ముందే తరువోజ పద్యం చెక్కిన రాయి మన ఊళ్లో దొరికిందంటే ఎంత సంబరం! ఆ ముచ్చట రేపు చెప్పుకుందాం. ఇవాళ ఫొటో సంగతి.

వర్డ్ ఫైలు పైకి ఒక్కటే కనిపిస్తుంది గానీ, నిజానికి అదో జిప్ మూట. పేరు చివర డాక్స్ తీసేసి జిప్ అని పెట్టి తెరవండి. వర్డ్ అనే ఫోల్డరు, దాన్లో మీడియా అనే ఫోల్డరు, అందులో మీ ఫొటో భద్రంగా ఉంటుంది. నాకు ఇప్పటికీ అది చూస్తే ముచ్చటేస్తుంది.

వర్డ్ ఫైలును వెబ్ పేజీగా మార్చడానికి చిన్నోడు వాడింది మామత్ లైబ్రరీ. మనమేమీ చెప్పకపోతే అది ఫొటోని బేస్64 అక్షరాలుగా మార్చి పేజీలోనే కుక్కేస్తుంది. మూడు బైట్లకు నాలుగు అక్షరాలు పడతాయి, అంటే మూడు ఎంబీల ఫొటో నాలుగవుతుంది. పేజీ బరువెక్కదూ మరి!

అలా వద్దనుకుంటే, బొమ్మ తగిలినప్పుడల్లా పిలవమని దానికో ఫంక్షన్ ఇవ్వొచ్చు. అప్పుడు బొమ్మను స్ట్రీమ్‌గా, అంటే వరసగా వచ్చే బైట్లుగా, మన చేతికిస్తుంది. డిస్కులో ఫైలుగా దాచుకోవచ్చు. కానీ ఎటూ సర్వర్‌కి పంపేదే కదా. మిరపకాయలు గుంటూరు యార్డుకు పోయేవైతే కళ్లంలోనే టిక్కీలకెత్తి లారీకి వేస్తాం గానీ, ఇంటి కొట్టులో దించి మళ్లీ మోస్తామా? అందుకే పైథాన్‌లో బైట్స్‌ఐఓ ఉంది. ఫైలు లాగే రాయొచ్చు, చదవొచ్చు, ఉండేది మాత్రం మెమరీలోనే. ప్రోగ్రాం ఆగిందా, అదీ పోయింది. ఫొటోలు మరీ పెద్దవై, వందల్లో ఉంటే మటుకు డిస్కే మేలంటాను. ర్యామ్ చాలదు.

ఇంకోటి, ఫొటో ఉండబోయే చిరునామాను ఆ ఫంక్షన్ ఎస్‌ఆర్‌సీ కింద తిరిగివ్వాలి. లేకపోతే ఎక్కడ వెతకాలో పేజీకెలా తెలుస్తుంది?

చిన్నోడు ఇదంతా చేసి, చదివి చూస్తే సున్నా బైట్లు! పాపం బిక్కమొహం వేశాడు. రాయడం పూర్తయ్యేసరికి స్ట్రీమ్‌లో మన స్థానం చిట్టచివర ఉంటుంది, అక్కణ్నుంచి చదివితే ఏముంటుంది? సీక్(0) అని ఒక్క ముక్క రాస్తే మొదటికొస్తుంది. గెట్‌వాల్యూ అని అడిగితే ఆ బాధే లేదు, స్థానం ఎక్కడున్నా మొత్తం ఇచ్చేస్తుంది. వాడికి అదే నచ్చింది.