టి-కణాల పెంపకానికి ప్రాణాధారం ఇంటర్‌ల్యూకిన్-2
ప్రయోగశాలల్లో వినియోగించే రీకాంబినెంట్ మానవ సంకేత ప్రొటీన్‌పై ప్రత్యేక వ్యాసం

మానవ శరీరంలోని రోగనిరోధక కణాలు పరస్పరం సమాచారం అందించుకునేందుకు కొన్ని సూక్ష్మ ప్రొటీన్లను విడుదల చేస్తాయి. వాటిలో ఇంటర్‌ల్యూకిన్-2 ముఖ్యమైనది. టి-లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు విభజన చెంది సంఖ్యలో పెరగడానికి ఈ ప్రొటీన్ ఇచ్చే సంకేతం కీలకం. నేడు రోగనిరోధక శాస్త్ర పరిశోధన జరిగే ప్రయోగశాలల్లో దీని వినియోగం సర్వసాధారణమైంది.

టి-కణాలను శరీరం వెలుపల దీర్ఘకాలం పెంచడం ఒకప్పుడు సాధ్యపడేది కాదు. అమెరికా జాతీయ కేన్సర్ సంస్థకు చెందిన మోర్గాన్, రుసెట్టి, గాలో 1976లో ఈ చిక్కును విడదీశారు. ఉత్తేజితమైన లింఫోసైట్లు పెరిగిన ద్రవంలో టి-కణాలను పోషించే పదార్థమేదో ఉన్నట్లు వారు గుర్తించారు. ఆ పదార్థానికి 1979లో ఇంటర్‌ల్యూకిన్-2 అని పేరు పెట్టారు. జపాన్ శాస్త్రవేత్త తనిగుచి బృందం 1983లో దీని జన్యువును వేరుచేయడంతో, దాతల రక్తంపై ఆధారపడకుండా ఈ ప్రొటీన్‌ను ఎంత కావాలంటే అంత తయారుచేసే మార్గం ఏర్పడింది.

మానవ జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియాలో ప్రవేశపెట్టి దాని చేత ప్రొటీన్‌ను తయారుచేయించడమే ఈ విధానం. ఇదే శాస్త్ర సూత్రంతో, అయితే బ్యాక్టీరియాకు బదులు ఈస్టును వినియోగించి, హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను విడుదల చేయడం పాత్రికేయులకు సుపరిచితమే. ఇంటర్‌ల్యూకిన్-2 విషయంలో మాత్రం ఒక ఇబ్బంది ఎదురైంది. ఇందులోని 133 అమైనో ఆమ్లాలలో మూడు సిస్టీన్లు. 58వ, 105వ స్థానాల్లోనివి జతకట్టినప్పుడే ప్రొటీన్ సరైన ఆకృతి పొందుతుంది. 125వ స్థానంలోని మూడవది పొరపాటున వాటిలో ఒకదానితో జతకడితే ఆకృతి చెడి, ప్రొటీన్ నిరుపయోగమవుతుంది. 1984లో శాస్త్రవేత్తలు ఆ మూడవ సిస్టీన్ స్థానంలో సెరీన్‌ను ఉంచి సమస్యను పరిష్కరించారు. మానవ ప్రొటీన్ అని వ్యవహరిస్తున్నా, మార్కెట్లో లభించే కొన్ని రకాల్లో ఈ ఒక్క మార్పు ఉంటుందని గమనించవలసి ఉంది.

కొనుగోలు వ్యవహారాలు చూసే అధికారులు ప్రధానంగా తెలుసుకోవలసింది బరువుకు, క్రియాశీలతకు గల వ్యత్యాసం. ఆకృతి చెడిన ప్రొటీన్ కూడా త్రాసులో అంతే తూగుతుంది, కానీ కణాలను పెంచదు. అందువల్ల మైక్రోగ్రాము ధర ఒక్కటే చూసి టెండరు ఖరారు చేయడం సమంజసం కాదు. ఇంటర్‌ల్యూకిన్-2 అందకపోతే మరణించే సీటీఎల్ఎల్-2 అనే ఎలుక కణాలపై పరీక్షించి క్రియాశీలతను అంతర్జాతీయ యూనిట్లలో లెక్కిస్తారు. ఔషధంగా ఆమోదం పొందిన రకంలో 1.1 మిల్లీగ్రాములు 1.8 కోట్ల యూనిట్లకు సమానం. పాత పరిశోధన పత్రాల్లో కనిపించే సీటస్ యూనిట్ ఒకటి సుమారు 6 అంతర్జాతీయ యూనిట్లకు సమానమైనందున, యూనిట్ పేరు చూడకుండా మోతాదు నిర్ణయిస్తే ప్రయోగమే తారుమారవుతుంది.

బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్ మరొక సమస్య. అతి స్వల్ప పరిమాణంలో ఉన్నా అది రోగనిరోధక కణాలను స్వయంగా ఉత్తేజపరచగలదు. అప్పుడు కనిపించిన ఫలితం ప్రొటీన్‌దా, మలినానిదా అన్నది తేలదు. సాధారణంగా నీటిని మరిగించే వేడికి ఇది నశించదు. ప్రతి బ్యాచ్‌కు ఎండోటాక్సిన్ పరిమితిని తెలిపే ధ్రువపత్రం కోరడం ఇందువల్లనే అవసరం. పొడి రూపంలో అందే ఈ ప్రొటీన్‌ను ద్రవంగా మార్చిన తర్వాత చిన్న భాగాలుగా విభజించి అతిశీతల స్థితిలో భద్రపరచాలి. పదేపదే గడ్డకట్టించి కరిగిస్తే క్రియాశీలత తగ్గుతుంది.

ఈ ప్రొటీన్‌ను అమెరికాలో 1992లో మూత్రపిండాల కేన్సర్‌కు, 1998లో మెలనోమాకు ఔషధంగా అనుమతించారు. అధిక మోతాదులో రక్తనాళాల నుంచి ద్రవం బయటకు స్రవించి రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉన్నందున చికిత్స కట్టుదిట్టమైన వైద్య పర్యవేక్షణలోనే జరుగుతుంది. తక్కువ మోతాదులో ఇదే ప్రొటీన్ రోగనిరోధక శక్తిని అదుపులో ఉంచే నియంత్రక టి-కణాలను పోషించడం విశేషం. ఇంటర్‌ల్యూకిన్-2 గ్రాహకంలో భాగమైన సీడీ25 ఆధారంగానే సకగుచి 1995లో ఆ కణాలను గుర్తించారు. ఈ రంగంలో కృషికి బ్రంకో, రామ్స్‌డెల్‌లతో పాటు ఆయనకు 2025 నోబెల్ వైద్య పురస్కారం లభించింది.

"పరిశోధనకు మాత్రమే" అని ముద్రించిన సీసాలోని ప్రొటీన్‌కు ఔషధ ప్రమాణాల పరీక్షలు జరగవు. దానిని ఎట్టి పరిస్థితుల్లోనూ రోగులకు ఇవ్వరాదు.