డీజిల్ ఇంజనుకు గాలి పడితే

పాత మోటారు సైకిలుకు పెట్రోలు అయిపోతే ఏం చేస్తాం? సీసాతో తెచ్చి పోసి నాలుగు కిక్కులు కొడతాం, బండి లేస్తుంది. ట్రాక్టరుకు డీజిల్ అయిపోతే మాత్రం డబ్బా నిండా తెచ్చి పోసినా లేవదు. ఎందుకని? బి.యస్సీ. మూడవ సంవత్సరం చదువుతూ, డీజిల్ ఇంజను గ్రాఫును కళ్ళు మూసుకుని గీయగలిగిన నాకు పోయిన సార్వాలో ఈ ప్రశ్న ఎదురయింది.

మాది కాలువ చివరి పొలం. నీళ్ళ వంతు మర్నాటితో సరి. నారు ముదురుతోంది. సగం దమ్ము అయ్యేసరికి డీజిల్ అయిపోయి ట్రాక్టరు బురదలో ఆగింది. డీజిల్ పోసి సెల్ఫ్ కొట్టగా కొట్టగా బ్యాటరీ నీరసించింది. టౌనులో మెకానిక్కుకి ఫోను చేస్తే ఎల్లుండి వస్తానన్నాడు. నాన్న గట్టుమీద కూలబడ్డారు.

అప్పుడొచ్చాడు మా బాబాయి కొడుకు. టెన్త్ తర్వాత ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ ట్రేడులో చేరాడు. (చదువబ్బనివాడని ఇంట్లో అందరూ తీర్మానించారు. నేనూ వారిలో ఒకణ్ణే.) "ఎయిర్ పట్టిందన్నయ్యా" అన్నాడు, ఇంజను ముట్టుకోకుండానే.

సంగతేమిటంటే, డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు లేదు. సైకిలు పంపు మూతి మూసి నొక్కితే వేడెక్కడం అందరం చూసిందే. సిలిండరులో గాలిని 16 నుంచి 20 రెట్లు కుదిస్తే ఆ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి డీజిల్ను మంచులా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపించింది ఈ సూత్రంమీదనే. అయితే అలా చిమ్మాలంటే నాజిల్ దగ్గర సుమారు 200 అట్మాస్ఫియర్ల ఒత్తిడి కావాలి. పంపు ఒక్కోసారి తోసేది ఒక బొట్టంత డీజిలే. ద్రవం కుదించుకుపోదు గనుక ఇటు తోసిన బొట్టు అటు నాజిల్లోంచి బయటపడుతుంది. మధ్యలో గాలి బుడగ ఉందా, పంపు తోపంతా దాన్ని నొక్కడంతోనే సరిపోతుంది, నాజిల్ తెరుచుకోదు. మనం వల్లించే బాయిల్ సూత్రమే ఇది! కార్బురేటరు బండికి ఈ పేచీ లేదు, పెట్రోలు తనంతట తానే కిందికి దిగుతుంది.

తమ్ముడు ఫిల్టరు మీది స్క్రూ పానాతో వదులుచేసి, చేతిపంపు కొట్టాడు. మొదట తెల్లటి నురగ, తర్వాత బుడగలు లేని డీజిల్ వచ్చింది. స్క్రూ బిగించాడు. పెద్ద పంపు దగ్గరా అంతే. పక్కపొలం వాళ్ళ బ్యాటరీ తగిలించి, నాజిళ్ళ నట్లు వదులుచేసి సెల్ఫ్ కొట్టమన్నాడు. అక్కడ చిమ్ముతున్న డీజిల్‌కి నేను వేలు అడ్డం పెట్టబోతే చేతిమీద ఒక్కటిచ్చాడు. ఆ ఒత్తిడిలో వచ్చే ధార చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూదిపోటులా కనిపించినా వేలు పోగొట్టుకునే గాయమది. నా పుస్తకంలో ఆ ముక్క లేదు.

నట్లు బిగించగానే ఇంజను నల్లపొగ కక్కి లేచింది. అరగంట పని!

1950లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన శిక్షణ పథకం కిందిదే ఈ ఐ.టి.ఐ. చదువు. డీజిల్ మెకానిక్‌కు ఒక సంవత్సరం, మోటారు వెహికల్ మెకానిక్‌కు రెండు. మొదట్లో ఆకురాయితో ఇనుపముక్కను చదును చేయడమే పనట, చేతులు బొబ్బలెక్కేదాకా. మనం ల్యాబులో గోళీ వ్యాసం కొలిచి రికార్డు దిద్దించుకున్న వెర్నియరుతోనే వాళ్ళు అరిగిన పిస్టన్లు కొలుస్తారు.

మర్నాడు మధ్యాహ్నానికి దమ్ము పూర్తయింది. ఇప్పుడు టాంకు పావువంతుకు దిగకముందే నాన్న డీజిల్ పోయిస్తున్నారు.